అంతర్వేది రేవులో జారిపోయిన పాలసొర

గుడివాడ స్టేషను బయట టీ కొట్టు దగ్గర మేము ఐదారుగురం సాయంత్రాలు కలుస్తుంటాం. అందరం రిటైరైనవాళ్లం, అందరికీ గాలం పిచ్చి. కాలవల మీదా చెరువుల మీదా మా చేతులు తిరిగినవే కానీ సముద్రపు చేప ఎవరి గాలానికీ పడలేదు. అయినా మొన్న మాఘమాసంలో ఒకరోజు నేను గట్టిగా చెప్పేశాను, చలి వెనకబట్టి ఎండ ముదరని ఈ రోజుల్లో నది సముద్రంలో కలిసేచోట పండుగప్ప గాలానికి బాగా పడుతుందని. ఎక్కడో విన్న మాట అది. విన్నదాన్ని చూసినట్టు చెప్పడం కరెంటాఫీసులో పనిచేసిన రోజుల నుంచీ నాకున్న జబ్బు. "నువ్వెన్ని పట్టావేంటి?" అని ఒకాయన అడిగాడు. ఇంక వెళ్లక తప్పలేదు. ఇంటికెళ్లి మా ఆవిడ సుభద్రతో కూడా, ఎల్లుండి రాత్రికి పండుగప్ప పులుసుకి చింతపండు నానబెట్టుకోమని చెప్పాను.

పౌర్ణమి వెళ్లిన రెండో రోజు బయల్దేరాను. పౌర్ణమికీ అమావాస్యకీ దగ్గర రోజుల్లో పోటు బలంగా ఉంటుంది, నీటితోపాటు చేప కూడా కదులుతుంది. ఈ ఒక్క ముక్క మాత్రం నాకు నిజంగానే తెలుసు.

విజయవాడ నుంచి నర్సాపురం వెళ్లే ప్యాసింజరు ఉదయం ఏడు దాటాక గుడివాడ వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. కైకలూరు దాటిన దగ్గర్నుంచి ఆకివీడు వరకు రెండువైపులా చేపల చెరువులే, వాటి మీద ఇంకా విడిపోని మంచు. ఎదురుగా కూర్చున్న రొయ్యల మేత ఏజెంటు నా గాలం కర్ర సంచీ చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. అతను కిటికీ బయటికి చెయ్యి చూపించి, "ఇన్ని చేపల మధ్య నుంచి చేప కోసం అంత దూరం వెళ్తున్నారా సార్?" అన్నాడు. పెట్టెలో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ కొంచెం ఆలస్యంగా.

నర్సాపురంలో దిగేసరికి పది దాటింది. స్టేషను దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో గోదావరి రేవుకి వెళ్లాను. ఇక్కడి నుంచి సఖినేటిపల్లి వైపుకి పంటు మీద దాటాలి. మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ కొబ్బరి బొండాల ఆటోలూ అన్నీ ఒకే పంటు మీద. టికెట్టుకి చిల్లర సిద్ధంగా ఉంచుకుంటే మంచిది. నీళ్లు ఆకుపచ్చగా తేటగా ఉన్నాయి. ఈ కాలంలో పైనుంచి వచ్చే నీరు తగ్గిపోయి సముద్రపు ఉప్పు ఇంతదాకా ఎక్కుతుందట. నేను వేలు ముంచి రుచి చూస్తుంటే పక్కన ఖాళీ అల్యూమినియం బేసిను మీద కూర్చున్న ఒకావిడ, "ఉప్పు సరిపోయిందాండి?" అంది.

ఆమె పేరు సత్తెమ్మ. యాభై ఏళ్లుంటాయి. అంతర్వేది పల్లిపాలెం మనిషి, చేపలు అమ్ముతుంది. ఆ రోజు మాత్రం కొనడానికి వెళ్లి ఖాళీ బేసినుతో తిరిగొస్తోంది. ఆమె కూతురు దుర్గ ప్రసవించి పది రోజులైంది. ఆడపిల్ల. తల్లికి పాలు చాలడం లేదు, పిల్ల ఏడుపు ఆపడం లేదు. ఆసుపత్రిలో డబ్బాపాలు కూడా రాసిచ్చారు, పోస్తున్నారు. కానీ పాలు పడడానికి బాలింతకి పాలసొర పిట్టు వండిపెట్టకపోతే ఆ ఇంట్లో వైద్యం పూర్తయినట్టు కాదు. మూరెడు పొడవుండే పిల్ల సొరచేప అది. వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేస్తారు. నాలుగు రోజులుగా ఈదర గాలి, అంటే ఈశాన్యం నుంచి వీచే గాలి, విడవకుండా కొట్టడంతో ఒడ్డున వలలు దిగలేదు. నర్సాపురం మార్కెట్లో ఉన్నవన్నీ మంచులో వారం రోజులున్న చేపలు.

"గాలి దక్షిణానికి తిరిగితే సొర ఒడ్డుకొచ్చేస్తదండి. అదెప్పుడు తిరుగుద్దో," అంది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నా సంచీ తట్టి, సాయంత్రానికి పాలసొర నేను పట్టుకొస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాను. అంతకుముందు జీవితంలో నేను సొరని పట్టింది లేదు.

ఆమె నన్నూ సంచీనీ చూసి, "ఆయ్, పడితే తెండి అన్నయ్యగారూ. ఐసు షెడ్డు పక్కన మొదటి ఇల్లే మాది," అంది. నవ్వలేదు. నమ్మిందో మర్యాదకి అందో నాకు తెలియలేదు.

సఖినేటిపల్లి రేవులో షేర్ ఆటో ఎక్కితే అరగంటలో అంతర్వేది. దారంతా కొబ్బరి తోటలు, వాటి సందుల్లో వరి దుబ్బులు, తర్వాత ఉప్పు గాలికి పక్కకి వాలిన సరుగుడు చెట్లు. గుడి తీర్థం ముగిసినా రంగులరాట్నం వాళ్లు ఇంకా ఇనపచువ్వలు విప్పుతూనే ఉన్నారు. గుడికి దగ్గర్లో లాడ్జిలో గది తీసుకున్నాను, రోజుకి ఆరు వందలు, శుభ్రంగానే ఉంది. మేనేజరు నా సంచీ చూడగానే, గదిలోకి చేప తేకూడదని మెత్తగా చెప్పాడు. పడితే ఎవరికైనా ఇచ్చేసి రమ్మన్నాడు. ఇచ్చే ఇల్లు ఉందని గర్వంగా చెప్పాను. హోటల్లో పప్పు, వంకాయ కూర, పెరుగుతో భోజనం చేసి కాసేపు పడుకున్నాను.

మూడున్నరకి అన్నాచెల్లెళ్ల గట్టు చేరాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకవైపు నది రంగు, ఒకవైపు సముద్రపు రంగు, మధ్యలో కలవని గీత ఒకటి కదులుతూ ఉంటుంది. వెళ్లేవాళ్లకి ఒక మాట: ఆ గీత దగ్గర నీళ్లలోకి దిగకండి, అడుగున లాగుతుంది. పాటు, అంటే నీరు సముద్రంలోకి తీసే వేళ, అయిపోయి నీరు నిలిచింది. మరో అరగంటలో పోటు మొదలై నీరు లోపలికి తిరగడం కళ్లకి కనిపించింది. నురుగు, కొబ్బరి మట్టలు, అన్నీ వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం మొదలుపెట్టాయి. గాలి మాత్రం ఈశాన్యమే, వీపు మీద ఇసక చల్లుతోంది.

ఒడ్డున దొరికిన పచ్చి రొయ్య కొక్కేనికి గుచ్చి విసిరాను. మొదట రెండు జెల్లలు పడ్డాయి, ముళ్లు గుచ్చుకోకుండా విడిపించి వదిలేశాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. సూర్యుడు నది అవతలకి దిగుతున్నప్పుడు కర్ర ఒక్కసారిగా వంగింది. చెరువు చేప లాగితే బరువు తెలుస్తుంది. ఇది బరువు కాదు, కోపం. రీలు విప్పుతూ చుడుతూ మెల్లగా ఒడ్డుకి తెచ్చాను. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, మూరెడు పొడవు. పాలసొర.

అప్పుడు నేను చెయ్యాల్సిన పని ఒక్కటే, దాన్ని సంచీలో వేసుకుని ఐసు షెడ్డు పక్కన మొదటి ఇంటికి నడవడం. కానీ నాకు ఫోటో కావాలి. చేపా, నేనూ, వెనక అస్తమిస్తున్న సూర్యుడూ, మూడూ రావాలి. ఒడ్డు మీద నిలబడితే సూర్యుడు రావడం లేదని గట్టు పక్కన మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. పైన మీకు దిగొద్దని చెప్పినచోటే. కొక్కెం వేలాడుతుంటే బాగుండదని అదీ విప్పేశాను. కుడి చేత్తో తోక పట్టుకుని, ఎడమ చేత్తో ఫోను ఎత్తాను. ఒక ఫోటో బాగానే వచ్చింది. ఇంకొకటి తీస్తుంటే సొర నడుం తిప్పింది. దాని చర్మం గరుకు కాగితంలా అరచేతిని గీరుకుంటూ పోయింది. నీళ్లలో ఒక్క బూడిద మెరుపు, అంతే.

ఆ బాధలోనూ నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఫోటోని మా టీ కొట్టు మిత్రుల గ్రూపుకీ సుభద్రకీ పంపడం. "మొదటి రోజే సముద్రం పలికింది" అని కింద రాశాను కూడా.

చీకటి పడుతుండగా పల్లిపాలెం వెళ్లాను. కనిపించి వెళ్తేనే మర్యాద అనిపించింది. ఐసు షెడ్డు దాటకముందే పిల్ల ఏడుపు వినిపించింది, గట్టిగా కాదు, అలిసిపోయిన ఏడుపు. సత్తెమ్మ గుమ్మంలోకి వచ్చి ముందు నా చేతుల వైపు చూసింది. "ఒక్కటీ తగల్లేదమ్మా," అన్నాను. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. మిత్రులు మెచ్చుకుంటున్నారు. ఆమె ఆ చప్పుడు పట్టించుకోకుండా, సముద్రం మనిష్టమా అండి అని, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ తాగినంతసేపూ ఫోను మోగుతూనే ఉంది. నేను దాన్ని ఆపలేదు, తీస్తే ఫోటో కనపడుతుందేమోనని భయం.

లాడ్జికి వెళ్లి పడుకున్నాను కానీ సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లారి కిటికీ తెరిస్తే కొబ్బరి ఆకులు నిన్నటికి ఎదురు తిరిగి ఉన్నాయి. గాలి మారింది. దక్షిణం నుంచి మెత్తగా, కొంచెం తడిగా వస్తోంది. ఆరున్నరకల్లా సముద్రపు ఒడ్డుకి వెళ్లాను. అల చిన్నదైపోయింది, నీళ్లు నూనె రాసినట్టున్నాయి. ఫైబరు పడవ ఒకటి అలివి వలని అప్పటికే నీళ్లలో చుట్టి వచ్చింది. ఈ వల తెలియనివాళ్లకి చెప్తాను. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ సముద్రంలో అర్ధచంద్రంలా తిరుగుతూ వల దించుకుంటూ, రెండో కొసని దూరంగా మళ్లీ ఒడ్డుకి తెస్తుంది. తర్వాత రెండు జట్లు రెండు తాళ్లూ పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. లాగేకొద్దీ రెండు జట్లూ దగ్గరవుతాయి.

వల పెద్ద నరసింహులు, సత్తెమ్మకి సొంత అన్న. మా వైపు తాడు వెనక, లాగిన తాడుని చుట్టలు చుడుతూ సత్తెమ్మ కూడా ఉంది. నేను చెప్పులు విడిచి, నేనూ లాగుతానన్నాను.

నరసింహులు నన్ను ఎగాదిగా చూశాడు. "తాడు మీద చెయ్యేస్తే వల ఒడ్డెక్కేదాకా తియ్యకూడదండి. మజ్జిగ తాగాలన్నా, ఫోటో తీసుకోవాలన్నా కుదరదు," అన్నాడు. ఫోటో అన్న మాట దగ్గర ఎవరో దగ్గారు.

వరుసలో చివర్న నిలబడ్డాను. నడుముకి కట్టిన చిన్న తాడుని పెద్ద తాడుకి మెలేసి, ఒంటి బరువంతా వెనక్కి వేసి అడుగు తర్వాత అడుగు వెనక్కి వెయ్యాలి. ముందున్నవాళ్లు ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటున్నారు. నేను అడుగు కలపలేక రెండుసార్లు వెనక ఇసకలో కూర్చుండిపోయాను. "గాలంగారు కూలబడ్డారు, ఆగండెహే," అని ముందు నుంచి కేక. అప్పటి నుంచి నా పేరు గాలంగారే. కాసేపటికి అడుగు కుదిరింది. ఎండ ఎడమ భుజం మీద వెచ్చగా ఉంది, గాలి ముఖం మీద చల్లగా ఉంది. అరచేతులు మండుతున్నాయి. చాలా ఏళ్ల తర్వాత పదిమందితో కలిసి ఒక పని చేస్తున్నానన్న సంతోషం నన్ను పట్టుకుంది. ఆ సంతోషమే ఆ మాటని లోపల దాచుకోనివ్వలేదు.

వెనక్కి తిరగకుండానే అన్నాను. "సత్తెమ్మగారూ, నిన్న సొర పడిందమ్మా. ఫోటో తీసుకుంటుంటే జారిపోయింది. మీ గుమ్మంలో నేను చెప్పింది అబద్ధం."

తాడు చుట్ట ఇసకలో పడిన చప్పుడు వినిపించింది. "తెలుసండి," అంది. "గట్టు అవతల మా అన్నయ్య వల బాగుచేసుకుంటా చూసేడు. మీకంటే ముందే వచ్చి చెప్పేడు."

"మరి తెలిసీ కాఫీ ఎందుకిచ్చేరు?"

"అబద్ధం ఆడేవాళ్లకి నోరెండిపోద్ది కదండీ," అంది.

ముందున్న నలుగురూ విన్నారు. తాడు లాగుతూనే నవ్వారు, నవ్వుకి తాడు ఊగింది. నరసింహులు వెనక్కి తిరిగి చూసి, నవ్వడానికి బలం ఉంటే లాగమన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతోనా, ఆ నవ్వు కలిగించిన తేలికతోనా అంటే చెప్పలేను.

ఎనిమిదిన్నర దాటాక వల సంచి ఒడ్డెక్కింది. దూరం నుంచే వెండి మెరిసింది. కవ్వళ్లు గంపల కొద్దీ, సావడాయిలు బెల్టుల్లా, గొరకలు, గులివిందలు, కాళ్లాడిస్తున్న పీతలు. వాటి మధ్యలో ఒక పండుగప్ప, మూడు కిలోలకి తక్కువుండదు, కంచు రంగు కళ్లతో. దాని పక్కనే బూడిద రంగు వీపుతో పాలసొర. జనం మూగారు, కొనుగోలు మనిషి మోటారు సైకిలు మీద వచ్చి దిగాడు, కాకులు దిగాయి. ఆ గోలలో ఎవరు ఏం చేస్తున్నారో నాకు తెలియలేదు.

నరసింహులు నన్ను పిలిచాడు. తాడు మీద కొత్త చెయ్యి పడితే మొదట ఏరుకునే హక్కు ఆ చెయ్యిదేనట, ఒక్క చేప, ఏదైనా సరే. అందరూ పండుగప్ప వైపు చూశారు. నేను దానికోసమే వచ్చానని లాడ్జి మేనేజరు నుంచి పంటు మనిషి దాకా అందరికీ చెప్పి ఉన్నాను. వంగాను. సుభద్ర నానబెట్టే చింతపండు గుర్తొచ్చింది. చెయ్యి పక్కకి జరిపి సొర మీద పెట్టాను. రెండు చేతులా ఎత్తి, ఈసారి తోక గట్టిగా పట్టుకుని, సత్తెమ్మ దగ్గరికి వెళ్లి బేసినులో పెట్టబోయాను. నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దానం చేసే మహారాజులా ఉండి ఉంటుంది.

సత్తెమ్మ బేసిను మీది తడిగుడ్డ తీసింది. అందులో అప్పటికే ఒక పాలసొర ఉంది, నా చేతిలోదానికంటే పెద్దది.

"బాలింత ఉన్న ఇంటికి ముందు తీసి పడేసేకే పంపకమండి," అన్నాడు నరసింహులు. "మా చెల్లెలని కాదు, ఎవరింటికైనా అంతే. వల విప్పగానే వేసేసేం. మీరు చూళ్లేదా?"

ఒడ్డంతా నవ్వింది. నేను ఆశగా పండుగప్ప వైపు చూశాను. కొనుగోలు మనిషి దాన్ని ఇంకా తూకం వెయ్యలేదు.

"ఆయ్, అది కుదరదండి గాలంగారూ," అన్నాడు నరసింహులు. "పెట్టిన చెయ్యి తియ్యకూడదు. మీది సొరే."

నేను కూడా నవ్వేశాను. ఇంక చేసేదేముంది? వాళ్ల ఊళ్లో ఒక పసిపిల్ల ఏడిస్తే ఏం చెయ్యాలో వాళ్లకి నా పుట్టుకకి ముందే తెలుసు. మధ్యలో నేను వచ్చి మాటిచ్చి, పోగొట్టి, అబద్ధమాడి, త్యాగం చెయ్యబోయాను. వాళ్లు మాత్రం నా చేతికి ఒక తాడిచ్చారు.

సత్తెమ్మ ఇంట్లో కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. ఆమె సొరని పసుపు నీళ్లలో ఉడికించి, తోలు ఒలిచి, ముల్లు తీసి చేత్తో పొడిపొడిగా చిదిపింది. బాలింతకి కారం లేకుండా మిరియం, వెల్లుల్లితో వేయించి ముందు లోపలికి పంపింది. తర్వాత మిగిలినదానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి తగిలించి మాకు పెట్టింది. వేడన్నంలో ఆ పిట్టు కలుపుకుంటే అరచేతి బొబ్బలు మండాయి, అయినా మూడుసార్లు వడ్డించుకున్నాను. లోపల దుర్గ ఇంకొంచెం కావాలనడం వినిపించింది. సత్తెమ్మ గిన్నె ఊడ్చి పంపింది.

నా సొరని నరసింహులు ఐసు షెడ్డులో థర్మాకోలు పెట్టెలో మంచు పోసి కట్టించాడు. లాడ్జి ఖాళీ చేసి, ఈసారి పంటు వైపు కాకుండా రాజోలు బస్సెక్కాను. రాజోల్లో దిగి పాలకొల్లు బస్సు మారితే దిండి మీదుగా చించినాడ వంతెన దాటుతుంది. ఇటు దారి కొంచెం ఎక్కువైనా కొబ్బరి తోటల నీడలో హాయిగా ఉంటుంది, చూడదగ్గ దారి. పెట్టెలోంచి నీళ్లు కారుతుంటే కండక్టరు చూసి, ఏం చేపని అడిగాడు. సొర అన్నాను. ఇంట్లో ఎవరు ప్రసవించేరండి అన్నాడు. ఎవరూ కాదంటే ఆశ్చర్యపోయాడు.

వంతెన మీద ఉండగా సుభద్ర ఫోను. చింతపండు నానిందట. మా టీ కొట్టు మిత్రులు ముగ్గురు ఇంటికి ఫోను చేసి, ఫోటోలో చేప చూశామని, సాయంత్రం వస్తామని చెప్పారట. పండుగప్ప లేదని, సొర తెస్తున్నానని చెప్పాను. ఫోటోలోది పోయిందనీ, ఇది వేరేదనీ, మిగతా కథంతా చెప్పాను.

"రెండూ సొరలేగా," అంది. "ఫోటోలోది ఇదేననుకుంటారు. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

నన్ను పరీక్షించడానికి అందో, నా పరువు కాపాడటానికి అందో ముప్ఫై ఏడేళ్లు కాపురం చేసినా నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. కింద వశిష్ఠ నిండుగా, ఎండకి మెరుస్తూ ఉంది. పోటు ఇంకా ఇంతదాకా ఎక్కుతున్నట్టుంది, పడవలన్నీ ముక్కులు సముద్రం వైపు తిప్పుకుని ఉన్నాయి. పాలకొల్లు చేరేదాకా ఆలోచించాను. స్టేషన్లో బల్ల మీద కూర్చుని, బొబ్బలెక్కిన వేలితో గ్రూపులో రాశాను. ఫోటోలోని చేప రెండో ఫోటో తీస్తుంటే సముద్రంలోకి పోయింది. ఇప్పుడు తెస్తున్నది నేను పట్టింది కాదు, తాడు లాగినందుకు పాలెం వాళ్లు ఇచ్చింది. పండుగప్ప సంగతి నాకేమీ తెలియదు, ఎప్పుడూ తెలియదు.

 తర్వాత, నువ్వెన్ని పట్టావని మొదట అడిగినాయనే రాశాడు. "తాడు లాగడానికి ఇంకో నలుగురు కావాలేమో కనుక్కో."

రైలు రావడానికి ఇంకా టైముంది. బయల్దేరేటప్పుడు నంబరు తీసుకున్నాను, సత్తెమ్మకి ఫోను చేశాను. ముందు పిల్ల సంగతి అడిగాను. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"నెమ్మదిగా మాట్లాడండి అన్నయ్యగారూ. ఇప్పుడే తల్లి దగ్గర తాగి పడుకుంది. పొద్దుటికంటే చాలా నయం."

సొర మహిమో, కడుపునిండా తిని తల్లి కాస్త నిద్రపోయినందుకో, నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను. మిత్రుల సంగతి కూడా చెప్పి, వచ్చే పున్నమికి నలుగురం రావచ్చా అని అడిగాను. అవతల ఆమె ఎవరితోనో మాట్లాడింది. నరసింహులు నవ్వు వినిపించింది, ఎవరో ఉష్ అన్నారు.

"ఆయ్, రమ్మంటన్నాడండి," అంది. "గాలాలు మాత్రం ఇంటికాడ పెట్టి రమ్మంటన్నాడు."